బెంచ్ మీదున్నప్పుడు చేసిన బెంచ్

ఐటీలో పనిచేసే ఎవర్నైనా అడగండి, 'బెంచ్' అనే మాట వింటేనే కడుపులో తిప్పుతుంది. ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది రాలేదు, జీతం మాత్రం పడుతోంది. ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పరు. పొద్దున్నే లాగిన్ అవ్వడం, మెయిల్ చూడటం, ఏమీ లేదని మళ్లీ చూడటం. మా కంపెనీలో నేను అలా బెంచ్ మీద కూర్చున్న మూడో వారంలో, చంపాపేట్‌లో మా అద్దింటి రెండో అంతస్తులో ఇంకో బెంచ్ తయారుచేశా. అది కంప్యూటర్లను పరీక్షించే బెంచ్. దాదాపు అంతా పాత సామానే. ఖర్చు ఏడొందలు.

ఎందుకు చేశానో ముందు చెప్పాలి.

'బోర్డు పోయిందన్నా'

ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో, 2016లో, నాన్న నాకో డెస్క్‌టాప్ కొనిచ్చాడు. ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బులు లోపలి జేబులో పెట్టుకుని దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరం సీటీసీ అనే చోట, మెట్లెక్కి దిగి నాలుగు షాపులు తిరిగాం. ఐ3 ఆరో తరం ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్. నాన్నకి అవేవీ అర్థం కాలేదు. 'మంచిదేనా బిడ్డా?' అని ఒక్కటే అడిగాడు. నేను కోడింగ్ నేర్చుకున్నది దాని మీదే. ఇప్పుడు డిగ్రీ చదువుతూ నాతో ఉంటున్న చెల్లి వాడుతున్నదీ అదే.

ఒకరోజు అది ఆన్ కాలేదు. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. మళ్లీ తిరిగి మళ్లీ ఆగుతోంది. రిపేర్ షాపుకి తీసుకెళితే అతను మూత కూడా పూర్తిగా తీయకుండానే తేల్చేశాడు. 'బోర్డు పోయిందన్నా. ఈ జనరేషన్ బోర్డులు ఇప్పుడు దొరకవు. మొత్తం కొత్తది తీస్కో.'

కొత్తదా? 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ దెబ్బకి ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో మీకు తెలిసే ఉంటుంది. పైగా నేనున్న పరిస్థితిలో వచ్చే నెల జీతాన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టే ధైర్యం లేదు. చెల్లేమో ఫోన్లోనే అసైన్‌మెంట్లు టైప్ చేస్తోంది. ఆఫీసు లాప్‌టాప్ ఇద్దామంటే రూల్స్ ఒప్పుకోవు. అన్నిటికంటే నన్ను తొలిచిన సంగతి ఇంకోటుంది. బీటెక్ చదివి, ఆరేళ్లుగా కంప్యూటర్ల మీద బతుకుతూ, నా కంప్యూటర్‌లో ఏం పోయిందో నాకే తెలీదు!

అసలేంటీ టెస్ట్ బెంచ్?

బండి మెకానిక్ ఇంజిన్ దించి స్టాండ్ మీద పెట్టి చూస్తాడు కదా, ఇదీ అంతే. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, డిస్క్ అన్నీ కేబినెట్‌లోంచి బయటికి తీసి, ఒక తెరిచిన స్టాండ్ మీద బిగిస్తాం. ఏ పార్టునైనా పది సెకన్లలో తీసి ఇంకోటి పెట్టొచ్చు. ఏది మారిస్తే పనిచేసిందో, దోషం దానిదే. మనం కోడ్‌లో బగ్ ఎలా వెతుకుతాం? ఒక్కో లైను పక్కన పెట్టి చూస్తాం. ఇక్కడ లైన్ల బదులు పార్టులు.

రెడీమేడ్‌వి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ధర వేలల్లో ఉంటుంది. 'నాలుగు కడ్డీలు, ఒక పలక. దీనికింతా?' అనిపించింది.

పెళ్లి పలక, పాత ర్యాకు

చంపాపేట్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు వెళ్తే ఫంక్షన్ హాళ్లే ఫంక్షన్ హాళ్లు. ముహూర్తాలున్న రోజుల్లో బ్యాండు చప్పుడుకి మా ఇంట్లో టీవీ వినబడదు. ఆ మోత తర్వాత మిగిలేది చెత్త. స్టేజీ డెకరేషన్ వాళ్లు పారేసిన ప్లైవుడ్ పలక ఒకటి గోడ పక్కన దొరికింది. అడిగితే 'తీస్కపో అన్నా' అన్నారు. దాని మీద బంగారు రంగు, ఒక మూల థర్మకోల్‌తో 'వెడ్స్' అనే అక్షరాలు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లేరు, వెడ్స్ మాత్రం ఉంది. చెల్లి దాన్ని పీకనివ్వలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.

ఫ్రేముకి పాత ఇనుప సామాన్ల దుకాణంలో స్లాటెడ్ యాంగిల్ ముక్కలు. దుకాణాల్లో ర్యాకులకి వాడే, వరసగా రంధ్రాలుండే ఇనుప పట్టీలు అవే. రంధ్రాలు ముందే ఉంటాయి కాబట్టి వెల్డింగ్ అక్కర్లేదు, నట్టూ బోల్టూ చాలు. రెండు కిలోలు, కిలో యాభై.

అదే దుకాణంలో ఒక పాత కేబినెట్, లోపల ఏమీ లేని డొక్కు, నూట ఇరవైకి ఇచ్చాడు. ఈ మొత్తంలో తెలివైన కొనుగోలు అదే. దాన్నుంచి మదర్‌బోర్డు బిగించే ఇనుప ట్రే, పవర్ బటన్, దాని వైరు, ఇత్తడి స్టాండాఫ్‌లు, గుప్పెడు స్క్రూలు వచ్చాయి.

ఎస్‌ఎంపీఎస్ కోసం ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్లా. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మారకుండా ఎర్రగడ్డలోనే దిగొచ్చు. నేల మీద పట్టా పరిచి పాత ఛార్జర్లు, రిమోట్లు, డిస్కులు, బోర్డులు కుప్పలుగా పోసి ఉంటారు. మూడు వందల యాభైకి బేరం కుదిరాక, 'భాయ్, ఒకసారి ఆన్ చేసి చూపిస్తావా?' అన్నా. పక్క టీ కొట్టు ప్లగ్గులో పెట్టి చూపించాడు. ఫ్యాన్ తిరిగింది. మరీ చిన్న చిన్న పార్టులు కావాలంటే కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. బోర్డుకి తగిలించే చిన్న బీప్ స్పీకర్ ముప్పై రూపాయలకి అక్కడే కొన్నా.

ముప్పై ఏళ్లుగా మారని రంధ్రాలు

పాత కేబినెట్ ట్రే మీద కొత్త బోర్డు ఎలా కూర్చుంటుందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణం తెచ్చింది. బోర్డు సైజు 305 బై 244 మిల్లీమీటర్లు, స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో కూడా అందులోనే రాశారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 బై 244. దాని రంధ్రాలు చాలావరకు పెద్దదాని రంధ్రాలతో కలుస్తాయి. ప్రాసెసర్లు మారాయి, ర్యామ్‌లు మారాయి, ఆ రంధ్రాలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఎవరో ముప్పై ఏళ్ల కిందట సరిగ్గా ఆలోచించడం వల్ల నాకు నూట ఇరవై రూపాయలతో పనైపోయింది.

ఒక జాగ్రత్త. పెద్ద కంపెనీల ఆఫీస్ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి సొంత కొలతలు, సొంత ప్లగ్గులు ఉంటాయి. వాటి ఎస్‌ఎంపీఎస్ తెచ్చి మామూలు బోర్డుకి పెట్టాలని చూడకండి.

బిగించడం ఇలా

కింద అంతస్తులో ఎస్‌ఎంపీఎస్, డిస్కులు. పై అంతస్తులో ప్లైవుడ్, దాని మీద ట్రే, ట్రే మీద స్టాండాఫ్‌లు, వాటి మీద బోర్డు. బోర్డు వెనకవైపు టంకం మొనలు ఇనుముకి తగలకుండా ఎత్తులో నిలబెట్టేవి ఆ స్టాండాఫ్‌లే. బోర్డులో రంధ్రం ఉన్నచోటే స్టాండాఫ్ ఉండాలి. రంధ్రం లేని చోట ఒకటి మిగిలిపోతే షార్ట్ అవుతుంది. కాళ్ల కింద అరిగిపోయిన హవాయి చెప్పుల ముక్కలు కోసి అతికించా. గచ్చు మీద జారదు.

చాలామంది బోర్డుని అది వచ్చిన వెండిరంగు కవర్ మీద పెట్టి ఆన్ చేస్తారు. వద్దు. స్టాటిక్ నుంచి కాపాడే ఆ కవర్ మీద లోహపు పూత ఉంటుంది, అది కరెంటుని పోనిస్తుంది. కవర్ కంటే ఆ బోర్డు వచ్చిన అట్టపెట్టె నయం.

జివ్వుమన్న రాత్రి

అంతా బిగించి, ప్లగ్ పెట్టి, చెప్పుల్లేకుండా నిలబడి ఫ్రేముని పట్టుకున్నా. చేతిలో చీమలు పాకినట్టు జివ్వుమంది. చెయ్యి లాగేసుకున్నా.

స్విచ్ తీసి ఆలోచిస్తే తప్పు బెంచిది కాదు, ఇంటిది. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటుని శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప డబ్బాకి కలిసి ఉంటాయి. వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ప్లగ్గులోని మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. అక్కడ ఎర్త్ లేకపోతే డబ్బా మీద దాదాపు సగం వోల్టేజి నిలుస్తుంది. నేను డబ్బాని ఇనుప ఫ్రేముకి బిగించా కాబట్టి ఫ్రేమంతా అంతే. మీ కేబినెట్‌నో, గీజర్‌నో తాకితే ఎప్పుడైనా జివ్వుమందా? ఎర్త్ సరిగా లేదేమో అని ముందు అనుమానించండి. చాలామందిలాగే నేనూ ఏళ్ల తరబడి 'కొంచెం కొడుతుందిలే' అని వదిలేశా. లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరే ఇనుముకి తగిలితే? అప్పుడది జివ్వుమని ఊరుకోదు.

మల్టీమీటర్‌తో చూశా. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర్లో రావాలి. మా సాకెట్‌లో తొంభై కూడా లేదు. మూడో రంధ్రం ఉంది, వెనక వైరు లేదు. ఓనర్ అంకుల్‌ని పిలిచి మీటర్ చూపించా. ముందు విసుక్కున్నాడు. కింద పోర్షన్‌లో కూడా చూడమన్నాడు. అక్కడా అంతే. కింద ఆయన మనవరాలు ఉంటుంది. మర్నాడే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఎర్త్ పడేదాకా నేను బెంచ్ ముట్టుకోలేదు.

దొంగ దొరికాడు

మొదట రెండు ఎస్‌ఎంపీఎస్‌లు. కరెంటు తీసి, 24 పిన్నుల ప్లగ్గులో ఆకుపచ్చ వైరుని ఏదో ఒక నల్ల వైరుతో చిన్న తీగతో కలిపి ఆన్ చేస్తే, బోర్డు లేకుండానే తిరుగుతుంది. పసుపు వైరులో 12 వోల్టులు ఉండాలి. ఐదు శాతం అటూఇటూ పర్లేదు, అంటే 11.4 నుంచి 12.6 దాకా. సంతలో కొన్నది 12.1 చూపించింది. నా పాతది కూడా ఒంటరిగా బాగానే చూపించింది! కానీ బోర్డుకి కలిపి బటన్ నొక్కగానే 10.6కి పడిపోయి ఆగింది. బరువు నెత్తిన పెడితే కూలబడే మనిషిలాగా.

సంతది పెట్టా. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కానీ స్క్రీన్ నల్లగా ఉంది, స్పీకర్ పొడుగ్గా బీప్, బీప్ అంటోంది. బీప్ అందంటే బోర్డు బతికే ఉన్నట్టు, ఏదో కావాలని అడుగుతున్నట్టు. ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లని స్కూలు పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి మళ్లీ పెట్టా. ఒక్క చిన్న బీప్. స్క్రీన్ మీద అక్షరాలు. రాత్రి ఒకటిన్నరకి చెల్లిని లేపి మరీ చూపించా. 'తెల్లారాక చూస్తా అన్నా' అని అటు తిరిగి పడుకుంది.

బోర్డు పోలేదు. పోయింది ఎస్‌ఎంపీఎస్. మురికి పట్టింది ర్యామ్‌కి. టైమ్ మర్చిపోతోందని సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చా. మీరూ చేస్తే రెండు మాటలు గుర్తుంచుకోండి. ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల పవర్ ప్లగ్ మర్చిపోతే అన్నీ బాగున్నా డిస్‌ప్లే రాదు. ఇంకోటి, ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

లెక్క

యాంగిల్ 100, పాత కేబినెట్ 120, ఎస్‌ఎంపీఎస్ 350, అదనపు స్క్రూలు, స్టాండాఫ్‌లు 60, నట్లు బోల్టులు 40, స్పీకర్ 30. మొత్తం 700. ప్లైవుడ్, చెప్పులు ఉచితం. మల్టీమీటర్ కాలేజీ నాటిది. లేకపోతే ముందు అదే కొనండి.

పారేసేముందు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే ప్రాసెసర్ల జాబితాలో నా ఆరో తరం ఐ3 లేదు. ఇలాంటి కారణంతో బాగా పనిచేసే మెషిన్లు ఎన్నో తుక్కుకి పోతున్నాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లో ఉన్నది 22.3 శాతమే. మిగతాదాంట్లో ఎంతో కొంత, రాగి కోసం వైర్లు కాల్చే చోటుకి చేరుతుంది. ఆ పొగ పీల్చేది కూడా మనలాంటి వాళ్లే.

నేను నా దాంట్లో ఒక ఎస్‌ఎస్‌డీ పెట్టి లినక్స్ వేశా. చెల్లి రెండు రోజులు తిట్టుకుంది, మూడో రోజు నుంచి అడగడం మానేసింది. నిజంగా చచ్చిపోయిన పాత ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం చెత్తబండిలో వేయలేదు. ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి ఇవ్వడానికి పక్కన పెట్టా.

నా అసలు బెంచ్ సంగతంటారా? యాభై ఒకటో రోజున ప్రాజెక్టు వచ్చింది. చిన్నదే. ఇది అయిపోతే మళ్లీ బెంచే కావొచ్చు. భయం పోలేదు కానీ కొంచెం తగ్గింది. ఇప్పుడు మా వీధిలో ఎవరి కంప్యూటర్ ఆగినా ముందు మా ఇంటికే తెస్తున్నారు. నాలుగు చూస్తే మూడింటికి 'బోర్డు పోలేదు' అనే చెప్పా. నాలుగోదానికి నిజంగానే పోయింది. అదీ నాకు తెలిసింది.

సంక్రాంతి ముందు నాన్న వచ్చాడు. బల్ల మీద మూతాగీతా లేకుండా, 'వెడ్స్' పలక మీద తిరుగుతున్న ఫ్యాన్‌ని చాలాసేపు చూశాడు.

'ఇది గా పత్తి పైసల కంప్యూటరేనారా?'

'అదే నాన్నా.'

'గింత దినాలొచ్చిందా!' అని వంగి లోపలికి చూశాడు. పదేళ్ల కింద సీటీసీలో అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాడు. 'ఇండ్ల ఏది ఏం పని చేస్తదో జెర చెప్పు.'

ఒక్కోటి చూపిస్తూ చెప్పా.