చెరకు దిగుబడికి చక్రాల దెబ్బ

ముడి పంచదార ధోరణి అంచనా వేసే వర్తకులు ఆస్ట్రేలియా వానలతోపాటు అక్కడి కోత యంత్రాల చక్రాలనూ గమనించాలి. క్వీన్స్‌లాండ్‌లో చెరకు కోత 1979 నాటికే పూర్తిగా యంత్రాలపరమైంది. అక్కడ సాళ్ల మధ్య ఆనవాయితీ ఎడం సుమారు 1.5 మీటర్లు; యంత్రాల చక్రాల మధ్య దాదాపు 1.8 మీటర్లు. అందువల్ల చక్రాలు సాలు అంచునే తొక్కుతాయి. తడి నేలయితే నష్టం మరీ ఎక్కువ. మట్టి గట్టిపడి నీరు ఇంకదు, వేళ్లు దిగవు. నరికిన మోళ్ల నుంచే కార్శి పంట రావాలి గనుక ఈ ఏటి తొక్కిడి వచ్చే ఏటి దిగుబడిలో తేలుతుంది.

1993లో అక్కడ మొదలైన ఉమ్మడి పరిశోధన, ఏకపంట సాగు, అతి దుక్కులతోపాటు దీన్నీ దిగుబడి క్షీణతకు కారణంగా తేల్చింది. సాళ్ల ఎడం పెంచి, చక్రాలకు శాశ్వత బాటలు విడవడమే విరుగుడు.

కోతవేళ వానలు పడితే ఆ సీజను సరఫరాతోనే లెక్క ముగించరాదు. తరువాతి పంటనూ కొంత తగ్గించి చూసుకోవడం మేలు.