బాక్స్ మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంది సరే, శ్రీసిటీలో అసలు తయారయ్యేది ఎంత?

మొన్న పండక్కి చల్లపల్లి వెళ్లాను. ఇంటికెళ్తే నాకు మామూలుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: “పదిహేను వేలలో మంచి ఫోన్ ఏదిరా?” ఈసారి మా బాబాయ్ వేరే ప్రశ్న వేశాడు. ఆయన కూతురు, అంటే మా చెల్లి, ఈసీఈలో డిప్లొమా పూర్తి చేసింది. శ్రీసిటీలో ఫోన్లు తయారు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. బాబాయ్ తన ఫోన్ బాక్స్ తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఏరా, బ్రాండేమో చైనాది. బాక్స్ మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉంది. ఎవరివో ఫోన్లకి స్క్రూలు బిగించడానికా దీన్ని మూడేళ్లు చదివించింది?”

నేను రోజూ చిప్‌సెట్లు, కెమెరాల గురించి మాట్లాడేవాణ్ని. అయినా ఆ ప్రశ్నకి వెంటనే సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ కాదు, ఫోన్ బాక్స్ రివ్యూ.

ఒక్క ఫోన్, ఎన్ని దేశాలు?

మీ ఫోన్ బాక్స్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చూడండి. తయారీదారు అని రాసిన చోట చాలాసార్లు బ్రాండ్ పేరు ఉండదు. వేరే కంపెనీ పేరు ఉంటుంది. దాన్నే కాంట్రాక్ట్ మాన్యుఫాక్చరింగ్ అంటారు.

మన రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2015 ఆగస్టు 10న షావోమీ విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్ లాంచ్ చేసింది. అది శ్రీసిటీలో తయారైన ఫోన్. బ్రాండ్ చైనాది. ఫ్యాక్టరీ నడిపింది తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్. ప్రాసెసర్ అమెరికా కంపెనీ క్వాల్‌కామ్‌ది. ఆండ్రాయిడ్ గూగుల్‌ది. నేల, కరెంటు, పనిచేసే చేతులు మనవి.

శ్రీసిటీయే ఎందుకు? నెల్లూరు దాటాక తడ దగ్గర, తమిళనాడు సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నం పోర్టులు దగ్గర. విడిభాగాలు బయటి నుంచి రావాలి, ఫోన్లు దేశమంతా వెళ్లాలి అనుకుంటే అంతకన్నా ఏం కావాలి?

పన్నులతో మొదలైన కథ

కంపెనీలు మన మీద ప్రేమతో రాలేదు. వెనక ఒక పాలసీ ఉంది.

1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ కింద ఉన్న ఐటీ ఒప్పందంలో చేరింది. ఐటీ ఉత్పత్తుల మీద దిగుమతి సుంకాలు సున్నాకి తెస్తామన్నది దాని సారాంశం. దాంతో గాడ్జెట్లు చవకయ్యాయి. కానీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టే కన్నా తయారైన ఫోన్ తెచ్చి అమ్మడమే సులువైపోయింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014-15లో మన దేశంలో అమ్ముడైన ఫోన్లలో ఇక్కడ తయారైనవి 26 శాతమే.

ఆ తర్వాత రెండు పనులు జరిగాయి.

ఒకటి, దశలవారీ తయారీ కార్యక్రమం. ముందు చార్జర్, బ్యాటరీ ప్యాక్, హెడ్‌సెట్. తర్వాత మైక్, యూఎస్‌బీ కేబుల్. ఆపైన సర్క్యూట్ బోర్డు, కెమెరా మాడ్యూల్, డిస్‌ప్లే. ఇలా మెట్టు మెట్టుగా సుంకాలు వేస్తూ, ఆ పనుల్ని దేశంలోకి రప్పించాలన్నది ప్లాన్. పూర్తిగా తయారైన ఫోన్ మీద సుంకం 2017 జులైలో 10 శాతంతో మొదలై, 2018 ఫిబ్రవరికి 20 అయింది. 2024 జులై బడ్జెట్‌లో 15కి తగ్గింది.

రెండోది, 2020 ఏప్రిల్ 1న వచ్చిన పీఎల్ఐ. ఇక్కడ తయారు చేసి అదనంగా అమ్మిన సరుకు మీద 4 నుంచి 6 శాతం ప్రోత్సాహకం. మొత్తం కేటాయింపు సుమారు 40,951 కోట్లు. విదేశీ కంపెనీలకి 15,000 రూపాయలు, ఆపై విలువైన ఫోన్లకే ఇది వర్తించింది.

ఫలితం? 2014-15లో 1,500 కోట్లు ఉన్న ఫోన్ల ఎగుమతులు 2024-25కి 2 లక్షల కోట్లకి చేరాయి.

అయితే దీనికి అంతర్జాతీయంగా ఒక చిక్కుంది. ఐరోపా సమాఖ్య, జపాన్, తైవాన్ ఈ సుంకాల మీద ఫిర్యాదు చేశాయి. 2023 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ మనకి వ్యతిరేకంగా చెప్పింది. భారత్ అప్పీలుకి వెళ్లింది. ఫ్యాక్టరీ కావాలన్నా, పార్టులు కావాలన్నా ఆ దేశాలతోనే పని. అందుకే సుంకం గోడ ఎంత ఎత్తు కడతామన్న దానికి ఒక హద్దుంటుంది.

స్క్రూ బిగించడం ఒక్కటేనా?

బాబాయ్ అసలు ప్రశ్న ఇదే. ఫోన్ తయారీలో మెట్లున్నాయి.

మొదటి మెట్టు అసెంబ్లీ: రెడీగా వచ్చిన బోర్డు, స్క్రీన్, బ్యాటరీ కలిపి, టెస్ట్ చేసి ప్యాక్ చేయడం. రెండోది ఎస్ఎంటీ: ఖాళీ బోర్డు మీద మెషీన్‌తో ఆవగింజ కన్నా చిన్న భాగాల్ని పేర్చి సోల్డర్ చేయడం. మూడోది భాగాల తయారీ. నాలుగోది చిప్, డిజైన్.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్యాటరీ ప్యాక్ ఇక్కడ చేశారంటే సెల్ ఇక్కడిదని కాదు. సెల్ తెచ్చి, రక్షణ సర్క్యూట్ తగిలించి, కవర్ వేసినా ప్యాకే. అందుకే 2022 సెప్టెంబరులో తిరుపతిలో మొదలైన మునోత్ కంపెనీ లిథియం సెల్ ప్లాంటు నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. దాని స్థాపిత సామర్థ్యం రోజుకి 10 ఏహెచ్ సెల్స్ 20,000. అవి పవర్ బ్యాంకుల్లో వాడేవి.

ఎగుమతి లెక్కని కూడా ఇలాగే చూడాలి. ఉదాహరణకి వంద రూపాయల ఫోన్ ఎగుమతి చేసి, అందులో ఎనభై రూపాయల భాగాలు దిగుమతివే అయితే, మన దగ్గర మిగిలింది ఇరవై. ఆ ఇరవైని పెంచడమే అసలు పని.

చిలకలపూడి లెక్క

బాబాయ్‌కి ఇదంతా చెప్తే తల పట్టుకున్నాడు. అప్పుడు చిలకలపూడి గుర్తొచ్చింది. బందరు పక్కనే, మా వైపు వాళ్లందరికీ తెలిసిందే.

“బాబాయ్, రోల్డ్ గోల్డ్‌కి రాగి అక్కడ తవ్వుతారా? బంగారం అక్కడ దొరుకుతుందా? రెండూ బయటివే. అయినా అందరూ చిలకలపూడి బంగారం అనే అంటారు, ఎందుకు? రాగి మీద పల్చటి బంగారు రేకు ఎక్కించే విద్య అక్కడి వాళ్లది కాబట్టి.”

ఫోన్ కూడా అంతే. ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చినా పర్లేదు. అన్నీ తామే చేసుకునే దేశం ఏదీ లేదు. మన చేతిలో ఉన్న విద్య ఏ మెట్టుదన్నదే ప్రశ్న.

తర్వాతి మెట్టు ఎక్కడుంది?

2025 ఏప్రిల్‌లో కేంద్రం 22,919 కోట్లతో విడిభాగాల తయారీ పథకం నోటిఫై చేసింది. అదే ఏడాది ఆగస్టు 12న కేంద్ర క్యాబినెట్ మన రాష్ట్రానికి ఒక సెమీకండక్టర్ యూనిట్ ఆమోదించింది. అసిప్ అనే కంపెనీ, దక్షిణ కొరియాకి చెందిన అపాక్ట్ టెక్నాలజీ సహకారంతో పెట్టేది. సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు. గమనించండి, ఇది వేఫర్ మీద చిప్ ముద్రించే ఫ్యాబ్ కాదు. తయారైన చిప్‌ని ప్యాకేజింగ్ చేసి, టెస్ట్ చేసే యూనిట్. మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య అనుకోండి.

నాలుగో మెట్టుకి కావాల్సింది పరిశోధన. 2020-21లో మన దేశం ఆర్ అండ్ డీ మీద పెట్టింది జీడీపీలో 0.64 శాతం. కొరియా 5 శాతం దగ్గర ఉంది. ఈ లోటు పూడ్చడానికే 2025 జులై 1న లక్ష కోట్ల ఆర్‌డీఐ పథకానికి క్యాబినెట్ ఆమోదం ఇచ్చింది. ప్రైవేటు కంపెనీల చేత పరిశోధన చేయించడం దాని ఉద్దేశం.

విచిత్రం ఏంటంటే, హైదరాబాద్‌లో విదేశీ చిప్ కంపెనీలకి డిజైన్ చేసే తెలుగు ఇంజినీర్లు బోలెడంత మంది. డిజైన్ చేసే బుర్ర హైదరాబాద్‌లో ఉంది, బిగించే చెయ్యి శ్రీసిటీలో ఉంది. కానీ ఆ డిజైన్ మీద హక్కు మాత్రం బయట ఉంది. భాగస్వామ్యం అంటే పెట్టుబడి, స్థలం ఒప్పందమే కాదు, ఆ హక్కులో కొంతైనా మన వైపు రావడం. రేపు ఏ విదేశీ కంపెనీ వస్తుందన్న వార్త చదివినా ఈ ఒక్కటి చూడండి: వాళ్లు తెచ్చేది ఏ మెట్టు?

చెల్లికి ఏం చెప్పాను

వెళ్లమన్నాను. కానీ లైన్‌లో కూర్చోబెడితే అక్కడే ఉండిపోవద్దన్నాను. ఎస్ఎంటీ మెషీన్ ప్రోగ్రామింగ్, టెస్టింగ్, ఫెయిల్ అయిన బోర్డు ఎందుకు ఫెయిలైందో కనిపెట్టడం, వీటిలో ఏదో ఒకటి రెండేళ్లలో నేర్చుకోమన్నాను. కంపెనీ రేపు వేరే రాష్ట్రానికి పోయినా ఆ విద్య తనతోనే ఉంటుంది.

బాబాయ్ బాక్స్ తీసుకుని లేచాడు. “అయితే స్క్రూలు బిగించడం మొదటి మెట్టన్నమాట,” అన్నాడు. మా చెల్లి లోపల్నుంచి, “నాన్నా, స్క్రూలు ఇప్పుడు మెషీనే బిగిస్తుంది,” అని అరిచింది.

తను ఈపాటికే ఆఫర్ లెటర్‌తో పాటు ట్రైనింగ్ వీడియోలు కూడా చూసేసిందట.