కళాశాల చదువులో కృత్రిమ మేధ

పెద్దలారా! పట్టణములలో కళాశాల చదువులు చదువుచున్న మీ మనుమలును మనుమరాండ్రును సెలవులకు ఇంటికి వచ్చినపుడు, చేతనున్న ఫోనునే అడిగి పాఠములు వ్రాసికొనుట మీరు చూచియే యుందురు. ఇది చదువుటయా, లేక మరియొకరిచేత చదివించుకొనుటయా అను సందేహము మీకు కలిగియుండవచ్చును. అది సమంజసమైన సందేహమే. దానినిగూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

కృత్రిమ మేధ యనగా మనవలె ఆలోచించు ప్రాణి కాదు. లెక్కకందనన్ని పుస్తకములను, వ్రాతలను యంత్రమునకు చూపి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుటకు ఎక్కువ అవకాశమున్నదో దానిచేత గణింపజేసిరి. మనము ప్రశ్న వేసినచో ఆ గణనమును బట్టి మాట వెంట మాటను పేర్చి బదులు చెప్పును. వాక్యము సొంపుగానే యుండును. అందలి విషయము మాత్రము ఒక్కొక్కప్పుడు శుద్ధాబద్ధమై యుండును. తాను తప్పు చెప్పుచున్నాననెడి ఎరుక దానికి లేదు. 2022వ సంవత్సరము నవంబరు 30వ తేదీన అమెరికాలోని ఓపెన్ ఏఐ అను సంస్థ చాట్ జీపీటీ అను సాధనమును వెలువరించినది మొదలు, ఈ యంత్రము విద్యార్థుల నిత్యజీవితములోనికి వచ్చినది.

కొన్ని విద్యాలయములు అంతకు పూర్వమే ఇట్టి యంత్రములను పరీక్షించి చూచినవి. అమెరికాలో అట్లాంటా నగరమున జార్జియా టెక్ అను విద్యాలయము కలదు. అందు అశోక్ గోయల్ గారను ఆచార్యులు దూరవిద్యార్థులు సుమారు 300 మందికి పాఠము చెప్పుచుండిరి. ఒక్కొక్క విడతలో శిష్యులు వ్రాయు ప్రశ్నలును జాబులును పదివేల వరకు నుండెడివి. వానిలో పెక్కు, గడువెప్పుడు, పద్ధతియేమి అని మాటిమాటికి వచ్చునవే. 2016లో వారు జిల్ వాట్సన్ అను పేరుతో ఒక యంత్రమును సహాయకురాలిగా నిలిపిరి. నూటికి 97 పాళ్లు నిశ్చయమున్నగాని అది బదులు చెప్పరాదని నియమము. అది యంత్రమని చదువు చివర తెలుపువరకు శిష్యులలో చాలమంది గుర్తింపలేదు. చిల్లర ప్రశ్నల బరువు ఇట్లు తగ్గినచో, కఠినమైన సందేహములు తీర్చుటకు గురువునకు తీరిక చిక్కును.

హార్వర్డు విశ్వవిద్యాలయమువారు కంప్యూటరు శాస్త్రపు తొలి పాఠమునకు 2023లో మరియొక ఏర్పాటు చేసిరి. కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయువారిలో ఒక వింత ఆచారము కలదు. పని చిక్కుపడినపుడు బల్లమీద రబ్బరు బాతు నొకదానిని పెట్టుకొని, తాము చేసినదంతయు దానికి వరుసగా వివరింతురు. బాతు మాటాడదు. కాని చెప్పుచు చెప్పుచుండగనే తప్పెక్కడనున్నదో చెప్పువానికే తోచును. హార్వర్డువారు తమ యంత్రమునకు ఆ బాతు రూపమునే ఇచ్చిరి. అది సమాధానమును చేతిలో పెట్టక, దారి చూపి, విద్యార్థిచేతనే అడుగు వేయించుటకై ఏర్పడినది.

ఈ జాగ్రత్త ఏల యనగా, టర్కీ దేశమున జరిగిన పరిశోధన నొకదానిని చూడుడు. 2023లో ఒక ఉన్నత పాఠశాలలో సుమారు వేయిమందికి గణితాభ్యాసము చేయించిరి. వారు ఇంకను కళాశాల గడప తొక్కనివారే. ఐనను ఆ ఫలితము కళాశాలలును ఆలోచింపదగినది. మొదటి జట్టు పుస్తకములతోనే చదివెను. రెండవ జట్టునకు అడిగినదెల్ల చెప్పు యంత్రము నిచ్చిరి. మూడవ జట్టునకు, ఉపాధ్యాయులు కట్టుదిట్టము చేసి, సూచనలు మాత్రమే చేయు యంత్రము నిచ్చిరి. అభ్యాసవేళ మొదటి జట్టుకంటె రెండవదానికి నూటికి 48, మూడవదానికి నూటికి 127 వంతున మార్కులు హెచ్చినవి. పిమ్మట యంత్రమును తొలగించి పరీక్ష పెట్టగా, రెండవ జట్టు మొదటి జట్టుకంటెను నూటికి 17 వంతున వెనుకబడినది. మూడవ జట్టునకు అట్టి నష్టము కలుగలేదు. ఈ పరిశోధన 2025లో ప్రకటితమైనది.

ఇందలి కారణము మీకు తెలియనిది కాదు. ఈత నేర్చు పిల్లవానికి నడుమునకు బెండ్లు కట్టుదుము. చేతులాడుకొలది ఒక్కొక్క బెండునే తీసివేయుదుము. ఎన్నడును తీయకున్నచో వాడు తేలును గాని ఈదలేడు. చదువులో పడు శ్రమయే చదువు. ఆ శ్రమను యంత్రము పడినచో, మార్కులు మనవానికి వచ్చినను విద్య రాదు.

కావున కళాశాలలు యంత్రమును నిషేధించి ఊరకుండుటయు, విచ్చలవిడిగా వదలుటయు తగవు. ఇంటివద్ద వ్రాసి తెచ్చిన వ్యాసమునకు మార్కులు వేయుటతో సరిపెట్టక, దానిని నోట చెప్పించి ప్రశ్నింపవలెను. యంత్రము చెప్పినదానిలో తప్పులను పట్టుటయే ఒక పాఠముగా చేయవలెను.

మీరు చేయగలిగినదియు నొకటి కలదు. పిల్లవాడు ఇంటికి వచ్చినపుడు, ఫోను ప్రక్కన పెట్టి తాను చదివినదానిని మీకు తెలియునట్లు తెలుగులో చెప్పుమని అడుగుడు. ఆ శాస్త్రము మీకు రాకపోయినను చింతలేదు. మాటాడని బాతుకు చెప్పియే తప్పు దిద్దుకొనువారున్నపుడు, ఎదురు ప్రశ్న వేయగల తాతకు చెప్పిన చదువు మరింత గట్టిపడును. చెప్పగలిగెనా, అది వాని విద్య. చెప్పలేకపోయెనా, అది ఇంకను యంత్రముదే.