శిష్యుల కోసం గురువు చేసిన ప్రార్థన

ఆలయాలలో ఆదివారం బాలల తరగతులు అనేక చోట్ల వెలవెలబోతున్నాయి. పిల్లలలో భక్తి తగ్గిందని నిట్టూర్చే ముందు, పెద్దలమైన మనం తైత్తిరీయోపనిషత్తును ఒకసారి తెరిచి చూడాలి.

శిష్యుడు గురువును వెదుక్కుంటూ వెళ్ళడం మన పురాణేతిహాసాలలో అడుగడుగునా కనిపించే దృశ్యం. సమిధలు చేతబట్టుకొని ఆశ్రమద్వారం వద్ద వినయంతో నిలిచిన బాలుని రూపం మనందరి మనస్సులలో ముద్రపడి ఉంది. అయితే గురువే శిష్యుల కోసం ఎదురుచూచిన ఘట్టం ఒకటి వేదంలో ఉన్నది. కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయోపనిషత్తు, శీక్షావల్లి, నాలుగవ అనువాకం. అక్కడ ఆచార్యుడు అగ్నిలో ఆహుతులు సమర్పిస్తూ, తన వద్దకు బ్రహ్మచారులు రావాలని ప్రార్థిస్తాడు. దీనినే ఆవహంతీ హోమమని వ్యవహరిస్తారు.

నలభై ఏళ్ళకు పైగా నేను ఆ మంత్రాలను వల్లిస్తున్నాను. హోమాలలో స్వాహాకారం పలికాను. అందులోని అంతరార్థం మాత్రం అరవై ఏళ్ళు దాటిన తరువాత, దాదాపు ఖాళీగా ఉన్న ఆలయ మండపంలో కూర్చున్న ఒక ఆదివారం నాడు నాకు బోధపడింది.

ముగ్గురే మిగిలారు

మా శివాలయంలో ఆదివారం ఉదయం బాలలకు స్తోత్రపాఠాలు చెప్పడం చాలా ఏళ్ళ క్రితం మొదలైంది. ఆరంభంలో మండపం నిండా పిల్లలే. రానురాను వారి సంఖ్య తగ్గింది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆలయాల తలుపులు మూతపడినప్పుడు తరగతి ఆగిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి, అభిషేకాలు, కల్యాణాలు యథావిధిగా మొదలయ్యాయి. పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. చివరకు ముగ్గురు మిగిలారు. వారిలో ఒకడు నా మనుమడు. వాడు రాకుండా ఉండలేడు కనుక వచ్చేవాడు.

కరోనా వల్ల ఇలా అయిందని అడిగినవారికల్లా చెప్పేవాడిని. సెల్‌ఫోన్ల వల్ల అనీ, తల్లిదండ్రుల అశ్రద్ధ వల్ల అనీ చెప్పేవాడిని. నా వల్ల అని ఒక్కనాడూ అనుకోలేదు.

అంతకు ముందు జరిగిన ఒక సంఘటన ఇక్కడ చెప్పాలి. ఒకనాడు వినాయకుని జన్మవృత్తాంతం చెబుతున్నాను. గజముఖం అమర్చిన ఘట్టం వద్ద రెండవ తరగతి చదివే ఒక పాప లేచి, “తాతగారూ, ఆ ఏనుగు కోసం ఎవరూ ఏడవలేదా?” అని అడిగింది. మిగిలిన పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. “దేవుడి కథలో వెటకారమా? కూర్చో!” అని గద్దించాను. పాప కూర్చుంది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తరువాత ఆమెతో వచ్చే ఇద్దరు స్నేహితురాళ్ళు కూడా రాలేదు. నేను దానిని పట్టించుకోలేదు.

పొరుగువారి పాఠం

మా వీధి చివర ఒక చర్చి ఉన్నది. అక్కడ ఆదివారం బడి నడిపే ఉపాధ్యాయురాలు మా మనుమడికి పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఒకనాడు ఆమె దారిలో కనిపిస్తే, “అమ్మా, మీ దగ్గరికి పిల్లలు బాగా వస్తున్నారు, మా దగ్గరికి రావడం లేదు. కారణమేమిటి?” అని మనసు విప్పి అడిగాను. ఆమె నవ్వి, “మా దగ్గర కూడా మూడేళ్ళ క్రితం ఇదే పరిస్థితి పంతులుగారూ. ఒకప్పుడు అన్ని వయసుల వారినీ కలిపి కూర్చోబెట్టి కంఠస్థం చేయించేవాళ్ళం. పిల్లలు తగ్గిపోయారు. ఇప్పుడు చిన్నవాళ్ళను, పెద్దవాళ్ళను వేరుచేశాం. శనివారం సాయంత్రం టీచర్లమంతా కూర్చుని మర్నాటి పాఠం ముందుగా తయారుచేసుకుంటున్నాం” అన్నారు.

ఆ చివరి మాట నన్ను నిలువునా ప్రశ్నించింది. అభిషేకానికి ముందురోజే ద్రవ్యాలు సిద్ధం చేసుకుంటాను. ఉపన్యాసానికి వెళ్ళే ముందు గ్రంథాలు తిరగవేస్తాను. పిల్లల తరగతికి మాత్రం ఏనాడూ ఒక్క గడియ సిద్ధపడలేదు. పిల్లలే కదా అనుకున్నాను.

అసలు ఆదివారం బడి ఎలా పుట్టిందో కూడా తెలుసుకోదగినదే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ నగరంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి దానికి పెద్ద ఊపునిచ్చాడు. ఆ ఊరి గుండుసూదుల కర్మాగారాలలో పేద పిల్లలు వారంలో ఆరు రోజులు చాకిరీ చేసేవారు. వారికి తీరిక ఉన్నది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కరోజున వారిని చేరదీసి చదవడం నేర్పించారు. బైబిలే వారికి వాచకం. 1783లో తన పత్రికలో ఈ ప్రయత్నాన్ని గురించి రైక్స్ ప్రకటించిన తరువాత అది ఇతర పట్టణాలకు పాకింది. పిల్లవాని బ్రతుకు ఎలా ఉన్నదో ముందు చూచి, వానికి వీలైన వేళను, వానికి అవసరమైన విద్యను ఎంచుకోవడం ఆ ప్రయత్నానికి పునాది.

మన వేదపాఠశాలల సంప్రదాయంలో ఆదివారం సెలవు లేదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినాలు. లంకలో కృశించిన సీతమ్మను వర్ణిస్తూ, పాడ్యమి నాడు చదివేవాని విద్యవలె క్షీణించిందని వాల్మీకి మహర్షి పోల్చాడు. పిల్లలకు విశ్రాంతి అవసరమని మన పూర్వులకు అంత స్పష్టంగా తెలుసు. నేటి మన పిల్లలు ఆరు రోజులు బడికి, ఆపైన ట్యూషన్లకు తిరుగుతున్నారు. ఎందరికో ఆదివారం ఉదయం కూడా పరీక్షలే. అటువంటి పిల్లవానిని ఏడు గంటలకే మండపంలో కూర్చోబెట్టి రెండు గంటలు వల్లె వేయించడం ఏ ధర్మం?

అనువాకం చూపిన వరుస

ఆ రాత్రి శీక్షావల్లి నాలుగవ అనువాకాన్ని మళ్ళీ తీశాను. ఈసారి హోమం కోసం కాదు, నా కోసం. అందులో ఆచార్యుడు కోరినవాటి వరుసను గమనించండి. ఆయన మొదటే శిష్యులను అడగలేదు. ముందుగా తనకు మేధను అడిగాడు. తరువాత తన నాలుక మధురంగా ఉండాలని అడిగాడు. ఆపైన తన చెవులు బాగా వినగలగాలని అడిగాడు. అటు పిమ్మట అన్నపానాలు, వస్త్రాలు, గోసంపద కోరాడు. ఇవన్నీ అయిన తరువాతనే, నలుదిక్కుల నుండి బ్రహ్మచారులు తన వద్దకు రావాలని ఆహుతి వేశాడు.

నేను ఈ వరుసను తలక్రిందులు చేశాను. పిల్లలు రావాలని కోరాను కానీ, వారు వచ్చేందుకు తగినట్లు నేను మారాలని కోరలేదు. పిల్లల తరగతిని నిలబెట్టదలచిన ఏ ఆలయానికైనా ఈ అనువాకమే మార్గదర్శి అని ఇప్పుడు నా విశ్వాసం.

మేధ అంటే సిద్ధపడటం. ఇప్పుడు శనివారం ప్రదోషపూజ తరువాత నేను, విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు, ఇద్దరు గృహిణులు అరగంట కూర్చుంటున్నాం. ఎనిమిదేళ్ళ లోపు వారు ఒక వరుస, ఆపై వయసు వారు మరొక వరుస. నెలకు ఒక్క శ్లోకమే, అర్థంతో సహా. ముందు కథ, తరువాత శ్లోకం. అమరశక్తి మహారాజు కుమారులు ముగ్గురినీ ఆరు నెలలలో నీతికోవిదులను చేస్తానని విష్ణుశర్మ చేపట్టినది కథల సాయంతోనే కదా! తరగతి వేళను సాయంత్రం నాలుగున్నరకు మార్చాం. గంటకు మించి సాగనివ్వం.

మధురమైన నాలుక అంటే గద్దించకపోవడం. ప్రహ్లాదునికి చదువు చెప్పిన చండామార్కులకు పాండిత్యం కొదువలేదు. బెదిరింపులతో వారు సాధించినది మాత్రం శూన్యం. ఆ గురువులు ఇంటిపనులపై వెళ్ళినప్పుడు ప్రహ్లాదుడు తోటి బాలురను చేరదీసి ప్రేమతో చెప్పిన మాటలు వారి హృదయాలలో నాటుకున్నాయని భాగవత సప్తమస్కంధం చెబుతున్నది. నాటి బాలురు ఏ గురువును వరించారో మనకు తెలిసినదే.

ఏనుగు కోసం ఏడ్చిన కథ

వినగల చెవులు అన్నచోట నాకు ఆ పాప గుర్తుకు వచ్చింది. ఆమె అడిగినది వెటకారం కాదు, జాలి. ఆ సంగతి ఆనాడు నాకు వినబడలేదు. పురాణాలు తిరగవేశాను. బ్రహ్మవైవర్త పురాణం గణపతిఖండంలో సమాధానం దొరికింది. శ్రీమహావిష్ణువు పుష్పభద్రానదీతీరంలో నిద్రిస్తున్న గజరాజు శిరస్సును గ్రహించినప్పుడు, దాని తోడైన ఆడ ఏనుగు మేలుకొని పిల్లలతో సహా రోదించిందట. ఆపైన స్వామిని స్తుతించిందట. ఆ దుఃఖానికి కరిగిన స్వామి మరొక ఏనుగు శిరస్సును అతికించి ఆ గజరాజును బ్రతికించాడట. అంటే ఆ పాప ప్రశ్నను మహర్షి ఎన్నడో విన్నాడు. వినలేనివాడిని నేనే.

మరునాడు సాయంత్రం వారి ఇంటికి వెళ్ళాను. ఆమె తల్లి కంగారుగా, “మీరు రావడమేమిటి పంతులుగారూ, కబురుపెడితే మేమే వచ్చేవాళ్ళం కదా” అన్నది. పాప తలుపు చాటున నిలబడింది. “ఆ రోజు నీమీద కోప్పడటం నాదే తప్పమ్మా. నీ ప్రశ్నకు జవాబు తెచ్చాను” అని కథ చెప్పాను. శ్రద్ధగా విన్నది. అంతా విని, “మరి ఆ రెండో ఏనుగు, తాతగారూ?” అన్నది. ఈసారి నాకు కోపం రాలేదు. “ఆదివారం రా, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం” అన్నాను. వచ్చింది. ఇప్పుడు ప్రతి తరగతిలో చివరి పది నిమిషాలు పిల్లల ప్రశ్నలకే. తెలియనిదానిని తెలియదని చెప్పి, మరు వారానికి వెదికి తెస్తున్నాను.

నీరు పల్లమెరుగు

అన్నపానాలంటే ప్రసాదం. ఆకలితో ఉన్న పిల్లవానికి ఏ శ్లోకమూ ఎక్కదు. ఒక్కొక్క వారం ఒక్కొక్క ఇంటివారు పులిహోరో, దద్ధోజనమో, గుగ్గిళ్ళో తెస్తున్నారు. వడ్డించేది పిల్లలే.

ఇక చివరి కోరిక. నీరు పల్లానికి పరుగెత్తినట్లు, మాసాలు సంవత్సరంలో చేరినట్లు శిష్యులు అన్ని వైపుల నుండి తన వద్దకు రావాలని ఆచార్యుడు కోరాడు. నీరు రావాలంటే మనమున్నచోటు పల్లం కావాలి. మిట్టమీద కూర్చున్నవాని వద్దకు నీరు రాదు. అన్ని వైపుల నుండి అన్న మాటకు కూడా నేను సిగ్గుపడవలసి వచ్చింది. మా గాలిగోపురం వద్ద పూలు, మారేడు దళాలు అమ్మే తల్లికి ఒక కుమారుడున్నాడు. తరగతి జరుగుతున్నంతసేపూ వాడు మెట్లమీద నిలబడి వినేవాడు. వానిని ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. తండ్రి గోత్రమేదో తెలియదని సత్యమే పలికిన జాబాల సత్యకాముని గౌతముడు ఆదరించి చేర్చుకున్న కథను నేను ఎన్ని సభలలో చెప్పానో! మెట్టుమీద నిలబడిన పిల్లవానిని లోపలికి పిలవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు వాడు ముందు వరుసలో కూర్చుంటున్నాడు. అర్చనకు మారేడు దళాలు ఏరడం పిల్లలకు అప్పగించిన పని. మూడాకులూ చెక్కుచెదరకుండా ఉన్న దళాన్ని చూడగానే పట్టడంలో వానిని మించినవారు లేరు. ఆ విద్యలో మిగిలిన పిల్లలకు గురువు వాడే.

తల్లిదండ్రులకు ఒక మనవి

ప్రస్తుతం మా తరగతికి ఇరవైమంది దాకా వస్తున్నారు. పరీక్షల కాలంలో తగ్గుతారు, కార్తీకమాసంలో పెరుగుతారు. సంఖ్య గురించిన చింత నాకు లేదు.

ఆలయ ధర్మకర్తలకు, పెద్దలకు ఒక మాట. పిల్లల తరగతి నడిచేచోట ఎప్పుడూ ఇద్దరు పెద్దలైనా ఉండాలి. వారిలో ఒకరు స్త్రీ అయితే మేలు. పిల్లలమీద చేయి ఎత్తరాదు. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు పుస్తకంలో వ్రాసి ఉంచాలి. భగవంతుని సన్నిధి బిడ్డకు అన్నివిధాలా క్షేమస్థానం కావాలి.

తల్లిదండ్రులకు మరొక మాట. పిల్లలను ఆలయద్వారం వద్ద దింపి వెళ్ళిపోకండి. నెలకు ఒక్కసారైనా వారి ప్రక్కన కూర్చోండి. ఇంటికి వెళ్ళాక, “ఈరోజు ఏం విన్నావు?” అని అడగండి. వారు అడిగే ప్రశ్నకు జవాబు తెలియకపోతే కోప్పడకండి. మా వద్దకు పంపండి. మాకు కూడా తెలియకపోతే, గ్రంథాలున్నాయి, వెదుకుతాం.

ఇప్పుడు ప్రతి ఆదివారం తరగతికి ముందు స్వామి ఎదుట నిలబడి ఆ అనువాకాన్ని మెల్లగా చెప్పుకుంటున్నాను. శిష్యుల కోసం ఆచార్యుడు చేసిన ఆ ప్రార్థనలో మొదటి అభ్యర్థనలన్నీ ఆచార్యుని కోసమే. నాకు మేధనివ్వు, మంచి మాటనివ్వు, వినే చెవినివ్వు అని వేడుకున్న తరువాతనే పిల్లల పేరెత్తుతున్నాను. మీ ఊరి ఆలయంలో మండపం ఖాళీగా ఉంటే, వచ్చే ఆదివారం మీరు కూడా అక్కడినుంచే ఆరంభించండి.