నీటి తిరగలి కన్న పాత లాకే మనకు తగును

పాత నీటి తిరగళ్లను బాగుచేసి, చూడవచ్చువారి వలన పల్లెలకు కొంత రాబడి కలిగించవచ్చునని తరచు వినుచున్నాము. అమృతలూరు ప్రాంతపు కాలువల మీద అట్టిది ఏల పెట్టరాదని రైతులకు తోచవచ్చును.

తిరగలిని త్రిప్పుటకు నీరు ఎక్కువగా ఉన్న చాలదు, అది ఎత్తు నుండి పడవలెను. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు ఎత్తు నుండి పడిన, లెక్కకు సుమారు 13 అశ్వశక్తుల బలము వచ్చును. చక్రములోను ఇరుసులోను అందు కొంత పోవును. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండిన ఔరంగాబాదులో 18వ శతాబ్దపు ‘పన్‌చక్కి’ ఉన్నది. కొండ ఊటల నీటిని మట్టి గొట్టములలో తెచ్చి, ఎత్తు నుండి వదలి, దర్గాకు వచ్చువారికి పిండి విసరెడివారు. నేడు దానిని చూచుటకు యాత్రికులు వచ్చుచున్నారు.

మన డెల్టా బల్లపరుపు నేల. కాలువకు చక్రము అడ్డుపెట్టిన, ఎగువ మట్టము పెరిగి దిగువకు పారుదల తగ్గును. శివారు భూముల వరి ఎండును. కనుక ఆ ఆలోచన మనకు వలదు.

మనకు తగిన పాత కట్టడము లాకు. విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప ఈ కాలువలు సేద్యమునకే గాక పడవలకును ఉపకరించినవి. దుగ్గిరాల నుండి కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగుహాము కాలువను కలియును. ఈ మార్గమును 2008లో 4వ జాతీయ జలమార్గములో చేర్చిరి. పడవ లాకు గదిలోనికి రాగానే వెనుక తలుపులు మూసి, గదిలోని నీటిని దిగువ మట్టమునకు దించి, ముందు తలుపులు తెరచెడివారు. ఇది పిల్లలకును చూపదగిన విద్య.

గ్రామాధికారులు, రైతులు చేయవలసిన పనులివి:

1. లాకు, కట్ట జలవనరుల శాఖవి. వారి అనుమతి లేక రాయి కూడ కదపరాదు.

2. మరమ్మతుకు ముందే కొలతలు, ఫోటోలు తీసి, వృద్ధుల నోట పడవల ముచ్చట్లు వ్రాసియుంచవలెను. కట్టడము కూలిన పిదప ఈ ఆధారములు దొరకవు.

3. సున్నపు కట్టుబడికి సిమెంటు పూయరాదు. తేమ లోపల నిలిచి రాయి, ఇటుక దెబ్బతినును. గానుగ సున్నమే వాడవలెను.

4. కాలువలు కట్టివేసిన వేసవిలోనే పని ముగించవలెను. లాకు చుట్టు కటకటాలు తప్పనిసరి.

5. గోవాడ శివరాత్రి తిరునాళ్లకు వచ్చు జనమునకు లాకును, వరిపొలములను, దుగ్గిరాల పసుపు యార్డును ఒక్క దారిలో చూపవచ్చును. భోజనము, బండి, చిరుతిండ్ల రాబడి ఊరివారికే దక్కవలెను.

ఏ పని తలపెట్టినను పైరుకు నీరు ముందు, వేడుక తరువాత. ఈ క్రమము తప్పనిచో పాత లాకు ఊరికి పేరును, నాలుగు రూపాయల రాబడిని తెచ్చును.