అలసిపోయిన విశ్వాసానికి అడ్వెంట్ ఎందుకు?



డిసెంబర్ వచ్చేస్తోంది. స్టార్ కట్టాలి, క్యారల్ రౌండ్స్‌కి వెళ్లాలి, యూత్ ప్రోగ్రామ్‌కి స్కిట్ ప్రాక్టీస్ చేయాలి. చేతినిండా పనే. కానీ లోపల? "బైబిల్ తెరిస్తే నిద్రొస్తోంది అన్నా, ప్రార్థనకి కూర్చుంటే మాటలు రావట్లేదు. అసలు నాలో విశ్వాసం ఉందో లేదో కూడా తెలియట్లేదు." చాలామంది యౌవనస్థులు బయటికి చెప్పుకోలేని మాట ఇది.

ముందు ఒకటి అర్థం చేసుకుందాం. అలసిపోవడం వేరు, వదిలేయడం వేరు. పూర్తిగా వదిలేస్తే, ప్రార్థన రావట్లేదన్న బాధ కూడా ఉండదు కదా!

1 రాజులు 19వ అధ్యాయం చూడండి. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప కార్యం చూసిన ఏలీయా, ఆ వెంటనే బదరీ చెట్టు కింద కూర్చుని "ఇక చాలు, చనిపోతాను" అన్నట్టు ప్రార్థన చేశాడు. దేవుడు ఏం చేశాడు? కోప్పడలేదు, ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూతని పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకుంటే, మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు ప్రయాణం, అక్కడ వినిపించిన మెల్లని స్వరం, అవన్నీ ఆ తర్వాతే.

సరే, దీనికీ అడ్వెంట్‌కీ సంబంధం ఏంటి?

అడ్వెంట్ అనే పేరు "రాక" అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చింది. తెలుగులో ఆగమన కాలం అంటారు. నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య వచ్చే ఆదివారంతో మొదలై, క్రిస్మస్ ముందు రోజు వరకు ఉంటుంది. మొత్తం నాలుగు ఆదివారాలు. కథోలిక, సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో దీన్ని పాటిస్తారు. చాలా స్వతంత్ర సంఘాల్లో ఈ పేరు అంతగా వినిపించదు.

ఇది ముఖ్యంగా ఎదురుచూసే కాలం. మన భాషలో ఒక మంచి విషయం ఉంది. బయట "నిరీక్షణ" అంటే ఎదురుచూడటం. చర్చిలో అదే మాట ఆశకి వాడతాం. అంటే ఇంకా ఏమీ కనబడకపోయినా ఎదురుచూస్తూ కూర్చున్నవాడు విశ్వాసం లేనివాడు కాదు, నిరీక్షణ ఉన్నవాడు.

అడ్వెంట్ కొవ్వొత్తుల కథ కూడా ఇదే చెబుతుంది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టర్ పేద పిల్లల్ని చేరదీసి చూసుకునేవారు. "క్రిస్మస్ ఇంకెన్ని రోజులు?" అని పిల్లలు అడుగుతుంటే, ఒక పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించారు. ఇప్పుడు చర్చిల్లో వారానికి ఒకటి, మొత్తం నాలుగు వెలిగిస్తారు. మొదటి ఆదివారం ఒక్కటే వెలుగుతుంది, మిగతా మూడూ చీకట్లోనే ఉంటాయి. దాన్ని ఎవరూ లోపం అనరు. మీ విశ్వాసం కూడా ఈరోజు ఒక్క కొవ్వొత్తంతే ఉంటే, అది చాలు.

మరి ఏం చేయాలి? మూడే పనులు.

ఒకటి, నిద్ర. రాత్రి పడుకునే ముందు ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఏలీయాకి దేవుడు ముందు ఇచ్చింది ఇదే.

రెండు, లూకా సువార్త. సరిగ్గా 24 అధ్యాయాలు. డిసెంబర్ 1 నుంచి రోజుకొకటి చదివితే 24కి పూర్తవుతుంది. మొదటిదానిలో 80 వచనాలు ఉన్నాయి, రెండు పూటలుగా చదవండి. అందులో జెకర్యా కనిపిస్తాడు. దేవాలయంలో సేవలో ఉన్న యాజకుడే దూత మాట నమ్మలేకపోయాడు! మాట పడిపోయింది కానీ, వాగ్దానం రద్దు కాలేదు. బిడ్డ పుట్టాడు.

మూడు, ఒక్క నిజమైన వాక్యం. "ప్రభువా, అలసిపోయాను" అనండి. అది కూడా ప్రార్థనే. అదే మాట మీరు నమ్మే అక్కతోనో, పాస్టర్ గారితోనో చెప్పండి.

ఇంకో మాట. బ్రతకాలని లేదు అనిపిస్తుంటే, దాన్ని విశ్వాసలోపం అనుకుని దాచుకోవద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్‌ని కలవండి. టెలీ మానస్ నంబర్ 14416కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ క్రిస్మస్‌కి స్టార్ కట్టండి, పాటలు పాడండి. అయితే ఉత్సాహం వచ్చాకే దేవుని దగ్గరికి వెళ్దాం అని ఆగొద్దు. మనం ఆయన దగ్గరికి వెళ్లలేనప్పుడు ఆయనే మన దగ్గరికి వచ్చాడు. క్రిస్మస్ అంటే అదే కదా!

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.