కొత్త ఆటలు - పాత చొక్కా

ఋతువులు ఆరని మన పెద్దలు లెక్క పెట్టినారు. ఆటల మీద మనసు పడినవానికి మాత్రం సంవత్సరంలో ఉండేవి రెండే: ఆటలున్న కాలం, ఆటలు లేని కాలం. అమెరికాలో ఎన్.బి.ఏ. అనే బాస్కెట్‌బాల్ సంఘంవారి పోటీలు సాధారణంగా అక్టోబరు చివరి పక్షంలో మొదలై జూను దాకా సాగుతవి. ఆ తరువాతి విరామంలో అభిమాని పంచాంగం చూచుకొనే రైతు వంటివాడు. నిరుటి కరువు మరచి, ఈ ఏడైనా వాన పడకపోతుందా అనుకొంటాడు. మొదటి బంతి పైకి లేచేవరకు అన్ని జట్లూ సమానమే. ఏ జట్టుకూ ఒక్క ఓటమి అయినా ఉండదు. కాబట్టి కొత్త ఆటల ముంగిట అభిమానికి ఉండవలసినది ఉత్సాహమే. 2025 అక్టోబరులో డల్లాసు జట్టు అభిమానులకు అట్టి ఉత్సాహం నిండుగా రాలేదు. వచ్చినట్లే వచ్చి గుమ్మంలో నిలబడిపోయినది. ఆ అభిమానులలో నేనూ ఒకడిని.

ఎక్కడి డల్లాసు, ఎక్కడి మనం అని పాఠకులు నవ్వవచ్చును. బాస్కెట్‌బాల్‌తో నా పరిచయం మా పాఠశాల మట్టినేల మీద జరిగినది. ఇనుప చట్రానికి వల ఉండేది కాదు. బంతి చట్రంలోనుంచి పడినదో, పక్కనుంచి పడినదో తేల్చడం డ్రిల్లు మాస్టారి వంతు. ఆయన తీర్పుకు అప్పీలు లేదు. ఈ ఆట పుట్టినది కూడా ఒక ఉపాధ్యాయుని చేతనే. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణంలో, చలికి బయట ఆడలేక విసిగిపోయిన విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాలలో ఎత్తుగా కొట్టించి, బంతిని వాటిలో వేయమన్నాడు. అల్లరి తరగతినుంచి ఇంత గొప్ప ఆట పుట్టినదని తెలిస్తే ఉపాధ్యాయ మిత్రులకు కొంత ధైర్యం కలుగవచ్చును.

ఇక డల్లాసుతో నన్ను ముడివేసినవాడు మా మేనల్లుడు. ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న ఇర్వింగులో కాపురం. ఇర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో మొదలైన ఆ చుట్టుపట్ల ఊళ్ళలో మన తెలుగు కుటుంబాలు వేలకొలది ఉన్నవి. అక్కడ రాత్రి జరిగే ఆట మనకు పొద్దుటి పూట వస్తుంది. బడికి పోయేముందు కాఫీతోపాటు సగం ఆట చూడడం, మిగిలిన సగం సాయంకాలం వాడు ఫోనులో చెప్పగా వినడం నాకు అలవాటయినది.

డల్లాసు మావెరిక్స్ జట్టుకు విశ్వాసమనే మాట నేర్పినవాడు జర్మనీ దేశస్థుడైన డర్క్ నొవిట్స్కీ. 1998లో వచ్చి 2019 వరకు, 21 ఏళ్ళ పోటీలలో, ఆ ఒక్క జట్టుకే ఆడినాడు. 2011లో ఆ జట్టు గెలిచిన ఛాంపియన్‌షిప్పు ఆయన చేతి చలువే. ఆటశాల ముందు ఆయన విగ్రహం ఉన్నది. ఆయన విరమించడానికి ఒక ఏడు ముందు, 2018లో, స్లొవేనియానుంచి పందొమ్మిదేళ్ళ లూకా డాన్చిచ్ వచ్చినాడు. పరుగులో మెరుపు లేదు, ఎగరడంలో పెద్ద ఎత్తు లేదు. కాని ఎదుటివాని అడుగు ఎటు పడబోతున్నదో వానికంటె ముందే తెలిసినవాడు. ఇతడూ ఇక్కడే తల నెరుస్తాడని ఊరు నమ్మినది. 2024 జనవరిలో అట్లాంటా మీద ఒక్క ఆటలో 73 పాయింట్లు చేసినాడు. ఆ జూనులో జట్టును ఫైనల్సు దాకా తీసుకొనిపోయినాడు; అక్కడ బోస్టను చేతిలో 4-1 తేడాతో ఓడినారు. మా మేనల్లుడు 77 అంకె గల అతని నీలి చొక్కా కొన్నది అప్పుడే.

2025 ఫిబ్రవరి 2వ తేదీ, ఆదివారం. మనకు పొద్దెక్కినది, డల్లాసులో ఇంకా శనివారం రాత్రి. లూకాను లాస్ ఏంజిలిసు లేకర్స్ జట్టుకు ఇచ్చివేసి, బదులుగా ఆంథొనీ డేవిస్‌ను, మాక్స్ క్రిస్టీ అనే యువకుని, 2029 నాటి ఒక ఎంపిక హక్కును పుచ్చుకొన్నారన్న వార్త వచ్చినది. వార్త బయటపెట్టిన పాత్రికేయుని ఖాతాను ఎవరో దొంగిలించి ఉంటారని చాలామంది అనుకొన్నారు. నేనూ అట్లే అనుకొని, పుకార్లు నమ్మవద్దని మేనల్లుణ్ణి మందలించినాను. నిజమని తేలిన పిదప ఇద్దరమూ కొంతసేపు మాటాడలేదు. ఇరవై అయిదేళ్ళవాడు, ఇంకా పైకి పోతున్నవాడు. రక్షణ బలంగా ఉంటేనే ఛాంపియన్‌షిప్పు వస్తుందని, డేవిస్ అందుకు తగినవాడని జనరల్ మేనేజరు నీకో హారిసన్ సమాధానం చెప్పినాడు. (అదే ఏడు నవంబరులో ఆయన ఉద్యోగమూ పోయినది, అది తరువాతి మాట.) డేవిస్ గొప్ప ఆటగాడే, కాదనను. కాని మనసు జమాఖర్చుల పుస్తకం కాదు గదా. అభిమానులు నొవిట్స్కీ విగ్రహం దగ్గర పూలు పెట్టినారు. ఒక శవపేటికను కూడా తెచ్చిపెట్టినారు. మనకు అది అతిగా తోచవచ్చును. అయితే 2016లో తనకు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నరును 2021లో హైదరాబాదు క్రికెట్ జట్టు పోటీల నడుమనే నాయకత్వంనుంచి దించివేసినప్పుడు, మన ఇళ్ళలో పిల్లలు అన్నం మానినంత పని చేయలేదా?

డేవిస్ డల్లాసు తరపున ఆడిన మొదటి ఆటలోనే గాయపడినాడు. మార్చిలో మరొక మేటి, కైరీ ఇర్వింగ్, మోకాలు దెబ్బతిని మంచం పట్టినాడు. ఏప్రిలు 9న లేకర్స్ జట్టు డల్లాసుకు ఆడవచ్చినది. ఆటకు ముందు లూకా పాత ఆటల దృశ్యాలు తెర మీద వేసినారు. బెంచీ మీద కూర్చుని చూస్తూ అతడు కళ్ళు తుడుచుకొన్నాడు. తరువాత లేచి 45 పాయింట్లు చేసి, డల్లాసునే ఓడించినాడు. ఆటశాలలోని జనం సొంత జట్టు ఓడుతుండగా అతనికి చప్పట్లు కొట్టినారు. ఇంటిలో ఒంటరిగా కూర్చుని నేనూ కొట్టినాను. ఆ పొద్దుట ఎవరు గెలవాలని కోరుకొన్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఇక్కడ గణితోపాధ్యాయులకు పనికివచ్చే ముచ్చట ఒకటి ఉన్నది. ఆ సంఘంలో కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకొంటవి. దీనిని డ్రాఫ్టు అంటారు. వెనుకబడిన జట్లకు ముందు వంతు రావడం న్యాయమే. కాని ఆ వంతు కోసం కావాలనే ఓడేవారు బయలుదేరుతారు గనుక లాటరీ పెట్టినారు. ఆనాటి పద్ధతి ప్రకారం, అంకెలు వేసిన 14 బంతులలోనుంచి నాలుగు తీస్తారు. వరుసతో పని లేకుండా 14లో నాలుగింటిని ఎంచే విధాలు 1001. ఒకదానిని విడిచి, తక్కిన వేయింటిని వెనుకబడిన 14 జట్లకు పంచుతారు. బలహీనులకు ఎక్కువ, కొంత మేలైనవారికి తక్కువ. 39 గెలుపులు, 43 ఓటములతో ముగించిన డల్లాసుకు దక్కినవి 18. అంటే నూటికి 1.8 పాలు. మే 12న ఆ పద్ధెనిమిదిలో ఒకటి పడినది!

ఆ తొలి వంతుతో జూను 25న కూపర్ ఫ్లాగ్‌ను తీసుకొన్నారు. మెయిన్ రాష్ట్రంలో మూడువేల పైచిలుకు జనం గల న్యూపోర్టు అనే ఊరివాడు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి ఒక్క ఏడు ఆడి, కళాశాల ఆటగాళ్ళలో మేటికి నైస్మిత్ పేరిట ఇచ్చే బహుమానం అందుకొన్నాడు. వయసు పద్ధెనిమిది. అటువంటి పిల్లవాడు తమ జట్టుకు వస్తే ఏ ఊరైనా పండుగ చేసుకొంటుంది.

డల్లాసు చేసుకొన్నది; చేసుకొంటూనే సిగ్గుపడినది. లూకాను పంపి ఉండకపోతే జట్టు అంత వెనుకబడి ఉండదు. వెనుకబడకపోతే లాటరీలో పేరు లేదు. లాటరీ లేకపోతే ఫ్లాగ్ లేడు. “ఆ కుర్రవాణ్ణి చూచి సంతోషించినప్పుడల్లా, వాళ్ళు చేసిన పనికింద నేనూ సంతకం పెట్టినట్లుంటుంది మామయ్యా” అన్నాడు మా మేనల్లుడు. నేను ఉపాధ్యాయుని ధోరణిలో, తప్పు మెట్ల మీద సరియైన జవాబు వచ్చినా మార్కులు వేయనని, అదృష్టం వివేకం కాదని చెప్పినాను. “మార్కులు వేయకండి. అయితే ఆ జవాబును కొట్టివేస్తారా?” అని అడిగినాడు. కొట్టివేయను. ఆ లెక్క ఎదుట ఎర్రసిరా కలం పట్టుకొని నేను ఇంకా కూర్చొనే ఉన్నాను.

వాని బాధలో మరొక పొర ఉన్నదని నాకు ఆలస్యంగా తెలిసినది. వాడు డల్లాసు చేరినది కూడా 2018లోనే, ఒంటరిగా. పరాయి దేశంనుంచి వచ్చి, తడబడుతూ ఇంగ్లీషు మాటాడే కుర్రవాణ్ణి ఊరంతా తనవాడని ఎత్తుకొంటుంటే, ఆ ఆదరణలో తనకూ ఒక పాలు ఉన్నదనుకొన్నాడు. వాడు ఉన్నది ఉద్యోగాన్ని పట్టుకొని వేలాడే వీసా మీద. ఉద్యోగం పోతే, 60 రోజులలో మరొకటి దొరకాలి, లేదా మరొక దారి చూచుకోవాలి, లేకుంటే ప్రయాణం. “అంతటివాణ్ణి కూడా రాత్రికి రాత్రి, ఒక మాట చెప్పకుండా పంపించినారు గదా!” అని వాడు ఫిబ్రవరిలో అన్నప్పుడు, ఆట సంగతే మాటాడుతున్నాడని నేను భ్రమపడినాను.

అయినా వేసవి అంతా వాడు కొత్త ఆటల పట్టిక చూడనిదే నిద్రపోలేదని మా చెల్లెలు చెప్పినది. ఫ్లాగ్ చొక్కా అంకె 32 అని నాకు మొదట చెప్పినదీ వాడే. సెప్టెంబరులో ఒకసారి, ఇక ఆట చూడనన్నాడు. మరునాడే, ఫ్లాగ్‌ను బంతి నడిపే స్థానంలో ఆడిస్తారట, అది మంచిదేనా అని అడిగినాడు. పద్ధెనిమిదేళ్ళవాని మీద అంత భారమా అని నేను, లూకా మోయలేదా అని వాడు, గంటసేపు వాదించుకొన్నాము. ఆ పేరు వచ్చేసరికి ఇద్దరమూ ఆగిపోయినాము.

డల్లాసులో తొలి ఆట అక్టోబరు 22 రాత్రి, శాన్ ఆంటోనియో జట్టుతో. దీపావళి వెళ్ళి రెండు నాళ్ళయినది. మనకు 23వ తేదీ తెల్లవారినది. వాడు టిక్కెట్టు కొనుక్కొని ఆటశాలకు పోయినాడని తెలిసి ఫోను చేసినాను. వెనుక జనం కోలాహలం వినబడుతున్నది.

“ఏ చొక్కా వేసుకొన్నావురా?” అన్నాను.

కొంచెం ఆగినాడు. “పైన కోటు వేసుకొన్నాను మామయ్యా, చలిగా ఉన్నది.”

అక్టోబరులో డల్లాసులో అంత చలి ఉండదు. నేను మరి అడగలేదు.